మోటుపల్లి రేవు, ఓడదొంగలు, ముగ్గురు బాలమాంత్రికులు: శక్తి పెరిగేకొద్దీ కథ పలచబడకుండా రాయడం ఎలా?

ప్రశ్న: రేవుకథ

అందరికీ నమస్కారం. పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లలు చదువుకునేలా ఒక జానపద నవల రాస్తున్నాను. కథాస్థలం కాకతీయుల కాలపు మోటుపల్లి. రుద్రమదేవి పాలన మొదలైన తొలి ఏళ్లలో, దక్షిణాన పాండ్యులతో యుద్ధం సాగుతూ సైన్యమంతా నెల్లూరు వైపు తరలిపోయిన సమయాన్ని ఎంచుకున్నాను. రేవుకు కాపలా పలచబడిందని తెలిసి ఓడదొంగలు వస్తారు. అప్పుడు రేవును కాపాడే పని ముగ్గురు పిల్లల మీద పడుతుంది. ఒకరు పల్లెకారుల ఇంటి ఆడపిల్ల, ఒకరు వర్తకుడి కొడుకు, ఇంకొకరు మఠంలో చదువుకుంటున్న కుర్రవాడు. ముగ్గురికీ మంత్రవిద్య ఇప్పుడిప్పుడే పట్టుబడుతూ ఉంటుంది.

విద్యల కోసం బయటి దేశాల కథల వైపు చూడదలచుకోలేదు. మన అరవైనాలుగు కళల పట్టికలోనే జలస్తంభం, వాయుస్తంభం, అగ్నిస్తంభం, దృష్టివంచనం, స్వరవంచనం ఉన్నాయి కనుక అమ్మాయికి నీటిని నిలిపే విద్యను, మఠం కుర్రవాడికి గాలిని నిలిపే విద్యను, వర్తకుడి కొడుక్కి చూపును, స్వరాన్ని ఏమార్చే విద్యలను ఇచ్చాను.

నా ఇబ్బంది కథ నడిమి భాగంలో మొదలవుతోంది. మొదటి దాడిలో పిల్లలు భయపడతారు, తడబడతారు, ఎలాగో గట్టెక్కుతారు. ఆ అధ్యాయాలు బాగానే వచ్చాయి. అయితే రెండో దాడి నాటికి వాళ్ల శక్తి పెరగాలి, మూడో దాడి నాటికి మరింత పెరగాలి, అలా పెరిగేకొద్దీ దొంగలను కూడా మరింత భయంకరంగా, మరింత ఎక్కువమందిగా చేయక తప్పడం లేదు. చివరికి వచ్చేసరికి అమ్మాయి సముద్రాన్ని లేపి ఓడలన్నింటినీ ముంచేస్తుంది, కథ ముగుస్తుంది. రాసినదాన్ని నేనే చదువుకుంటే, అక్కడ రేవూ లేదు, మోటుపల్లీ లేదు, ఏ సముద్రం ఒడ్డునైనా జరగగల యుద్ధం మాత్రమే మిగిలింది. పిల్లల శక్తి నిజంగా పెరుగుతున్నట్టు కనిపించాలి, అదే సమయంలో ఆ రేవు తన గాలీ నీరూ మనుషులతో సహా కథలో నిలవాలి. చరిత్ర తెలిసినవారు, సముద్రం తెలిసినవారు, మంత్రశాస్త్ర గ్రంథాలు చదివినవారు ఎవరైనా దారి చూపగలరా?

సమాధానం: శాసనాల చదువరి

మీరు ఎంచుకున్న స్థలం, కాలం రెండూ చక్కగా కుదిరాయి. ముత్తుకూరు దగ్గర కాకతీయ సైన్యం పాండ్యుల చేతిలో దెబ్బతిన్నది 1263 ప్రాంతంలో కనుక, రేవులో సైన్యం లేకపోవడానికి మీరు వేరే కారణం వెతకనక్కరలేదు. సైన్యం లేకపోయినా రేవు పూర్తిగా నిరాయుధంగా ఉండదన్న సంగతిని మాత్రం కథలోకి తీసుకోండి. ఆ రోజుల్లో దేశదేశాలు తిరిగి వ్యాపారం చేసే నానాదేశి వర్తక శ్రేణులకు సొంత కాపలాభటులు ఉండేవారు, ఓడల మీద విలుకాండ్రను పెట్టుకుని ప్రయాణించడం అంతకు వెయ్యేళ్ల ముందు నుంచే అలవాటు. మీ వర్తకుడి కొడుకు ఆ భటుల మధ్య పెరిగినవాడై ఉంటాడు. పిల్లలు ఒంటరిగా కాక పెద్దవాళ్ల నడుమ, వాళ్ల అనుమానాలను ఎదుర్కొంటూ పోరాడితే కథ బరువెక్కుతుంది.

మఠం కుర్రవాడి కోసం 1261 నాటి మల్కాపురం శాసనాన్ని చూడండి. గణపతిదేవుడు ఇచ్చిన మందడం, రుద్రమ ఇచ్చిన వెలగపూడి గ్రామాల ఆదాయంతో విశ్వేశ్వర శివాచార్యులు కృష్ణ ఒడ్డున గోళకీ అనే శైవ మఠాన్ని, దానికి అనుబంధంగా విద్యాలయాన్ని, వైద్యశాలను, ప్రసూతిశాలను నడిపిన వివరాలు అందులో ఉన్నాయి. గ్రామ రక్షణకు వీరభద్రులనే కాపలావాళ్లను కూడా ఏర్పాటు చేశారు. వేదాలు, ఆగమాలు, తర్కం నేర్పే చోటు కనుక గాలిని నిలిపే విద్యకు అంతకన్నా నమ్మదగిన గురుకులం మీకు దొరకదు.

ఇక మీ అసలు ప్రశ్నకు నా దృష్టిలో జవాబు మోటుపల్లిలోనే, వీరభద్రస్వామి గుడి దగ్గరి రాతిస్తంభం మీద ఉంది. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అది. తుపానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారని, తాము మాత్రం ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రప్రయాణానికి తెగించిన ఆ వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని రాజు అందులో చెప్పాడు. సుంకం ముప్పైయింట ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగుదంతం, రాగి, సీసం, పట్టు, పగడం, మిరియాలు, వక్కలు అందులో పేరుపేరునా కనిపిస్తాయి. ఈ రేవుకు కోటగోడ కన్నా ఈ మాటే పెద్ద రక్షణ. ఎక్కడెక్కడి నుంచో ఓడలు ఇక్కడికి వచ్చింది ఈ భరోసా మీదే. తరవాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడంటే, ఆ మాట విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

ఇప్పుడు మీ ముగింపును మళ్లీ చూడండి. అమ్మాయి సముద్రాన్ని లేపితే దొంగల ఓడలతోపాటు లంగరు వేసుకున్న వర్తకుల ఓడలు కూడా పగులుతాయి. ఏ ఆపద నుంచి కాపాడతామని రాజు మాట ఇచ్చాడో, ఆ ఆపదను రేవు పిల్లలే తెచ్చినట్టవుతుంది. దొంగల ఓడల్లో ఉన్నది కూడా దోచిన వర్తకుల సరుకే కనుక వాటిని ముంచినా నష్టపోయేది వర్తకులే. వాళ్ల శక్తి పెరిగేకొద్దీ ఈ ముడి మరింత బిగుసుకునేలా చేయండి. తొలి దాడినాడు ఓడను ముంచే బలమే లేదు కనుక ఆ ప్రశ్న రాదు. బలం వచ్చిన రోజున మాత్రమే దాన్ని వాడకుండా ఉండగలరా అన్నది పరీక్షగా మారుతుంది.

దొంగల గురించి కూడా ఒక మాట. మార్కో పోలో పడమటి తీరపు ఓడదొంగల పద్ధతిని వివరంగా చెప్పాడు. భార్యాపిల్లలతో సహా వేసవి అంతా సముద్రం మీదే గడుపుతారని, ఇరవై ముప్పై ఓడలు కలిసి, ఒక్కొక్కటి అయిదారు మైళ్ల ఎడంలో బారులు తీరి, వర్తకుల ఓడ కనబడగానే పొగతో గానీ మంటతో గానీ ఒకరికొకరు సైగ చేసుకుంటారని, సరుకు దోచుకున్నాక మనుషులను వదిలేసి, మళ్లీ సంపాదించుకురమ్మని పంపుతారని రాశాడు. పడమటి తీరంలోని ఠాణా పట్టణపు రాజు, దోపిడీలో దొరికిన గుర్రాలన్నీ తనకే ఇవ్వాలని దొంగలతో ఒప్పందం చేసుకున్నాడని కూడా చెప్పాడు. మోటుపల్లికి గుర్రాల ఓడలు వచ్చేవి కనుక, ఆ గుర్రాల వెంటపడి సింహళం చుట్టి ఇటు వచ్చిన ముఠాగా మీ దొంగలను చూపించవచ్చు. ఇది కల్పనే అయినా ఆ కాలానికి అతికే కల్పన. ఇలాంటి దొంగలకు కొమ్ములు, కోరలు తగిలించకండి. పడవలో పసిబిడ్డను ఎత్తుకున్న దొంగ భార్య కనబడిన క్షణం, ఓడను ముంచగల పిల్లకు ఎంత కష్టమో ఆలోచించండి.

సమాధానం: తీరవాసి

నాకు శాసనాలు తెలియవు కానీ ఆ తీరం తెలుసు. ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లికి వెళ్లి ఇసుకలో నిలబడితే మొదట అర్థమయ్యేది, అక్కడ రేవు అంటే నాలుగు వైపులా కొండలు కాచిన నీటి మడుగు కాదని. సముద్రం విప్పారిన తీరం అది. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, లోతున్న చోట లంగరు వేసుకుని దూరంగానే నిలుస్తుంది. సరుకూ మనుషులూ ఒడ్డు చేరాలంటే చిన్న పడవల్లో అలల వరసలు దాటి రావాలి. అందుకే ఈ తీరంలో పలకలను మేకులు లేకుండా కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలు పుట్టాయి. అల విరిగి ఇసుకకు కొట్టినా కుట్టుపడవ వంగి తట్టుకుంటుంది, మేకుల పడవ పగులుతుంది. ఏ అల వెనక ఆగాలో, ఏ అల మీద ఎక్కాలో తెడ్డు పట్టిన మనిషికి తెలియకపోతే ఎంతటి పడవైనా తిరగబడుతుంది.

ఈ ఒక్క సంగతి మీ మొదటి రెండు దాడులను నడిపిస్తుంది. దొంగలు ఓడలో ఎంత బలంగా ఉన్నా, ఒడ్డున ఉన్న గిడ్డంగులను దోచాలంటే అలలు దాటాలి, దానికి స్థానికుల పడవలు కావాలి, ఆ పడవలు నడిపే మనుషులు కావాలి. కాబట్టి దొంగలు కనబడగానే ఊరు చేయవలసిన మొదటి పని పడవలన్నీ ఇసుక మీద పైకి లాగి దాచేయడం. దానికి మంత్రం అక్కరలేదు, పదిమంది భుజాలు కావాలి. అమ్మాయి విద్య ఇక్కడ ఎంత చిన్నగా ఉంటే అంత అందం. రెండు అలల మధ్య వచ్చే ఎడాన్ని ఒక్క ఊపిరి సేపు తగ్గించగలిగితే చాలు, దొంగల పడవ అడ్డం తిరుగుతుంది. అది ఏ అలో ఎంచుకోగలగడం ఆ పిల్లకు చిన్ననాటి నుంచి తెలుసు, ఎందుకంటే వాళ్ల నాన్న తెప్ప మీద పెరిగింది.

పోటుపాట్ల మీద మాత్రం కథ కట్టకండి. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటు పది మీటర్ల దాకా లేస్తుంది కానీ మన దగ్గర మీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. నీరు తీసేసి ఓడలు బురదలో కూరుకుపోయినట్టు రాస్తే ఈ తీరంవాళ్లు ఎవరూ నమ్మరు.

గాలి మీద కట్టండి. మీ కథను చైత్రంలో పెట్టుకుంటే మంచిది. అప్పటికి తుపాన్ల కాలం వెళ్లిపోయి ఉంటుంది, గాలీ తీరపు ప్రవాహమూ రెండూ దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటాయి కనుక సింహళం వైపు నుంచి వచ్చేవారికి ప్రయాణం సులువు. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి గడిచాక, తెల్లవారుజామున, నేల మీది గాలి సముద్రానికి మళ్లుతుంది. తెప్పలవాళ్లు వేకువన ఆ గాలితో లోపలికి వెళ్లి, మధ్యాహ్నపు గాలితో తిరిగి రావడం ఇందువల్లే. దొంగలు కూడా ఈ లెక్కనే పాటించక తప్పదు. సాయంత్రపు గాలితో వచ్చి, చీకట్లో దోచుకుని, వేకువ గాలితో లోపలికి వెళ్లిపోవాలి. వచ్చిన దారినే దక్షిణానికి పోదామంటే గాలీ ప్రవాహమూ రెండూ ఎదురు. అంటే వాళ్లకు తప్పించుకునే తలుపు రోజుకు ఒక్కటే, అది తెల్లవారుజామున తెరుచుకుంటుంది.

మీ మఠం కుర్రవాడు గాలిని నిలపగలవాడు కదా. అతను తుపానును పుట్టించనక్కరలేదు, వేకువ గాలిని కొద్దిసేపు ఆపితే చాలు. పొద్దెక్కేదాకా ఆ గాలి రాకపోతే, ఆ తరవాత వచ్చేది మళ్లీ ఒడ్డుకు తోసే సముద్రపు గాలే.

రేవుకథ (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అభయశాసనం సంగతి కథకే వెన్నెముక అవుతుందని అనిపిస్తోంది. తీరవాసి గారూ, ఒక సందేహం. వేకువ గాలిని ఆపినా దొంగలకు తెడ్లు ఉంటాయి కదా, తెడ్లు వేసుకుని పోరా? రెండోది, గాలి ఆగాక సముద్రపు గాలి వచ్చి ఓడలను ఒడ్డుకు తోస్తే మళ్లీ అవి పగిలే ప్రమాదమే వస్తుంది. శాసనాల చదువరి గారు చెప్పిన ముడి అక్కడ తిరిగి బిగుసుకుంటుందేమో.

సమాధానం: తీరవాసి

పోతారు, పోనివ్వండి. దొంగల సొంత ఓడలు తేలికైనవి, తెడ్లతో కొంతదూరం లాగగలరు. వాళ్లు పట్టుకున్న గుర్రాల ఓడను మాత్రం లాగలేరు. శ్రీనాథుడి పద్యంలో కప్పలి, జోంగు అని కనిపిస్తాయే, అలాంటి పెద్ద సరుకు ఓడలకు తెరచాపే ఆధారం. గుర్రాలు, వాటి మేత, తాగునీరు నింపుకున్న ఓడ గాలి లేనిదే కదలదు. కాబట్టి గాలి ఆగిన ఆ కాస్త సమయంలో దొంగల నాయకుడు తేల్చుకోవాలి, దోచినదాన్ని వదిలి తెడ్లందుకోవాలా, వదలలేక పొద్దెక్కేదాకా ఉండి చిక్కుకోవాలా అని. ఓడ ఒడ్డుకు కొట్టుకుపోవడం మాటకొస్తే, ఓడలో లంగరు ఉంది, ఓడ నడిపే సరంగు ఉన్నాడు. వర్తకుల ఓడ సరంగుకు సముద్రపు గాలి లేచేలోగా లంగరు వేయమని ఎవరో ఒకరు చెప్పాలి. దూరం నుంచి ఆ మాట అతని చెవిలో పడేలా చేయడానికే మీ మూడో పిల్లవాడి స్వరవంచనం పనికొస్తుంది. నమ్మడానికి అది ఆ సరంగుకు బాగా తెలిసిన గొంతు అయి ఉండాలి. వర్తకుడి కొడుకు కదా, సుంకాల దగ్గర రోజూ వినే గొంతులన్నీ వాడికి వచ్చి ఉంటాయి.

సమాధానం: పుస్తకప్రియ

చరిత్ర, సముద్రం గురించి చెప్పినవారికి నేను జోడించగలిగింది లేదు. శక్తి పెరగడం అనే విషయం మీద మాత్రం కొంచెం విపులంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే పిల్లల కోసం రాసే కథల్లో ఎక్కువగా చెడిపోయేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను.

మన మంత్రశాస్త్రంలో ఉన్నట్టుండి బలం వచ్చిపడదు. పురశ్చరణ అని ఒక క్రమం ఉంది. మంత్రంలో ఎన్ని అక్షరాలో అన్ని లక్షల జపం చేయడం ఒక పద్ధతి. జపంలో పదో వంతు హోమం, హోమంలో పదో వంతు తర్పణం, అందులో పదో వంతు మార్జనం (మంత్రించిన నీళ్లు చల్లడం), అందులో పదో వంతు అన్నదానం. ఈ అంగాలు పూర్తయితేనే మంత్రం సిద్ధిస్తుందంటారు. ఇది మీకు రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. అయిదక్షరాల మంత్రానికైనా అయిదు లక్షల జపం కావాలంటే, దొంగలు వచ్చే నాటికి మీ పిల్లల్లో ఎవరి జపమూ పూర్తికాదు. వాళ్ల విద్య సగంలో ఉన్న విద్య. ఎంత జపం జరిగిందో అంత సేపే గాలి ఆగుతుంది అని ఒక నియమం పెట్టుకోండి. అప్పుడు శక్తి పెరగడాన్ని పాఠకుడు కొలవగలడు, అది ఎప్పుడు అయిపోతుందో భయపడగలడు కూడా. రెండోది, ఆఖరి అంగం అన్నదానం. జపం ఒక్కడే చేసుకోవచ్చు కానీ అన్నదానం ఊరు లేకుండా జరగదు. రేవులో కళాసీలకు, కూలీలకు, తెప్పలవాళ్లకు అన్నం పెట్టిన రోజున ఆ కుర్రవాడి విద్య ఒక మెట్టు ఎక్కినట్టు రాస్తే, ఆ ఊరివాళ్లు యుద్ధంలో వెనక నిలబడిన గుంపుగా మిగిలిపోరు. అతని శక్తిలో వాళ్లకూ భాగం ఉంటుంది.

ఎదుగుదలను పరిమాణంలో చూపించకండి. చెంబెడు నీళ్లు నిలపడం, తరవాత కాలువ, తరవాత సముద్రం అంటూ పోతే మీరు చెప్పిన చిక్కే వస్తుంది. తీరవాసి గారు చెప్పిన అమ్మాయిని తీసుకోండి. మొదటి దాడిలో ఆమె కనబడిన ప్రతి అలనూ ఆపాలని చూసి సొమ్మసిల్లి పడిపోతుంది. రెండో దాడిలో ఒక్క అలను ఎంచుకుంటుంది. మూడో దాడినాటికి ఆమెకు నిజంగానే ఓడను ముంచే శక్తి వచ్చి ఉండాలి. ఆ శక్తి ఉందని దొంగలకూ తెలియాలి, ఊరికీ తెలియాలి. ఊరివాళ్లలో కొందరు ముంచెయ్యమని అరవాలి, ఎందుకంటే వాళ్ల మనుషులు మొదటి దాడిలో చనిపోయి ఉంటారు. వాళ్ల కోపాన్ని మీరు తేలిక చేయకండి, అది న్యాయమైన కోపం. ఆ అరుపుల మధ్య ఆ పిల్ల ఏం చేస్తుందన్నది చదివే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

దృష్టివంచనానికి కూడా నియమం కావాలి. లేని నూరు ఓడలను చూపించి భయపెట్టడం అందరూ రాసేదే. మార్కో పోలో చెప్పిన పొగ, మంటల సైగలు ఉన్నాయి కదా, వర్తకుడి కొడుకు ఆ సైగల వరసను నేర్చుకుని, ఒక్క మంటను ఒక్క చోట చూపిస్తే చాలు. దొంగల బారులో చివరి ఓడలు తప్పు దిక్కుకు మళ్లుతాయి. ఆ ఒక్క మంట కోసం వాడు రెండో దాడి అంతా ఏమీ చేయకుండా సైగలను గమనిస్తూ కూర్చున్నాడని, అందుకు స్నేహితులే వాడిని పిరికివాడన్నారని పెట్టండి.

సమాధానం: శాసనాల చదువరి

పుస్తకప్రియ గారు చెప్పిన ఊరివాళ్ల కోపం దగ్గర ఒక చిన్న వివరం కలపాలనిపించింది. గణపతిదేవుడి శాసనంలో ఉన్నది ఓడ పగిలిన వర్తకుడికి ఇచ్చిన మాటే, దొంగకు ఏ అభయమూ లేదు. కనుక ముంచమనే పక్షానికి కూడా శాసనం అండ దొరుకుతుంది. ఆ స్తంభం దగ్గరే ఊరి పెద్దలు, వర్తకులు చేరి వాదించుకునే ఒక రాత్రిని రాయండి. అది చెక్కి అప్పటికి ఇరవై ఏళ్లే అవుతుంది. చెక్కించిన రాజు పాలన నుంచి తప్పుకున్నాడు, అతని కూతురు ఏలుతోంది, ఆమెను ఒప్పుకోని సామంతులు కూడా ఉన్నారు. తండ్రి మాట కూతురి పాలనలో చెల్లుతుందా అని పరదేశి వర్తకులు నిజంగానే గమనిస్తున్న సమయం అది. మొదటి దాడిలో సరుకు పోయిన పరదేశి వర్తకుణ్ణి ఒకరిని ఆ సభలో మాట్లాడించండి. అతనికి దొంగల చావు అక్కరలేదు, తన గుర్రాలు కావాలి.

రేవుకథ

ఆ సభ అధ్యాయాన్నే మొదట రాస్తాను. అమ్మాయిని ఆ సభలో మాట్లాడనివ్వకుండా బయట ఇసుకలో కూర్చోబెట్టాలని అనుకుంటున్నాను, పెద్దల మాటలన్నీ ఆమెకు వినిపిస్తూ ఉంటాయి. గాలి ఆపే ఘట్టంలో కుర్రవాడి జపం లెక్క ఎక్కడ తెగిపోవాలో మాత్రం ఇంకా తేలలేదు. సముద్రపు గాలి లేవడానికి ముందే తెగిపోతే గుర్రాల ఓడ దొంగలతో వెళ్లిపోతుంది, కాబట్టి మిగిలిన ఆ కొద్ది సేపు ఓడను నిలపడం అమ్మాయి వంతు కావాలి. తీరవాసి గారూ, లంగరు తాడు బిగిసి ఉన్న ఓడ మీద అల ఏ వైపు నుంచి తగిలితే సరంగుకు ఎక్కువ మేలో, వీలున్నప్పుడు చెప్పగలరు.

సమాధానం: తీరవాసి

ముందు నుంచే. లంగరు వేసిన ఓడ ముక్కు గాలికీ అలకూ ఎదురుగా తిరిగి ఉంటేనే తాడు నిలుస్తుంది. అల పక్కనుంచి తగిలితే ఓడ దొర్లుతుంది, లోపలి గుర్రాలు బెదిరి కట్లు తెంచుకుంటాయి, బరువంతా ఒకవైపుకు చేరుతుంది. కాబట్టి మీ అమ్మాయి అలను ఆపడం కన్నా, పక్కనుంచి వచ్చేవాటిని మాత్రమే అణచి, ఎదురుగా వచ్చేవాటిని రానిస్తే చాలు. అలా అయితే దూరం నుంచి చూసే దొంగలకు ఆమె ఏమీ చేయనట్టే కనిపిస్తుంది.